మోగని మూరెడు పైపు

పిడుగుల వాన పడ్డ మర్నాడు మా ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్ళకి ఓపిక ఉండాలి. నాకు లేదు. ఒకసారి ఒకాయన ఫోన్ చేసి ఇంటర్నెట్ ఎందుకు రావడం లేదని అడిగితే, "నిన్న ఆకాశం విరిగి నెత్తిన పడింది, మీ ఇంటికి కిటికీల్లేవా" అన్నాను. ఆ రోజు నుంచి సారు నన్ను ఫోన్ దగ్గర కూర్చోబెట్టడం మానేసి, భుజానికి సంచీ తగిలించి డాబాల మీదికి తోలేస్తున్నాడు. సంచీలో ఒక మీటరు, రెండు పానాలు, చాకు, నల్ల టేపు, తీగ చుట్ట, ఒక కొత్త యాంటెన్నా ఉంటాయి.

మా పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కేబుల్ లాగడానికి వీల్లేని ఇళ్ళకి గాలిలోంచి ఇంటర్నెట్ ఇస్తాం. ఒక డాబా మీది యాంటెన్నా దూరంగా ఇంకో డాబా మీదున్న యాంటెన్నాని చూస్తూ ఉంటుంది, అది మరోదాన్ని. మధ్యలో ఒకటి కళ్ళు మూసిందా, దాని వెనకున్న ఇళ్ళన్నిటికీ తిప్పలే. అలా నలభై ఇళ్ళకి దారి చూపే డాబా ఒకటుంది. నేను చెప్పబోయేది ఆ డాబా సంగతి, మా బావ సంగతి.

బావంటే మా అక్క మొగుడు. ఇరవై రెండేళ్ళుగా డాబాలెక్కుతున్నాడు. మా అక్కతో కన్నా నిచ్చెనతోనే ఎక్కువ మాట్లాడి ఉంటాడు. నాకీ పని నేర్పింది ఆయనే. గాలి ఏ వైపు నుంచి వస్తే ఏ కాలు ముందు వెయ్యాలో, తడి చేత్తో ఏది ముట్టుకోకూడదో, పిట్టగోడ మీద పానా ఎందుకు పెట్టకూడదో అన్నీ ఆయనే చెప్పాడు. ఆ ఆఖరిది మాత్రం నేను వినలేదు. ఇదే డాబా పిట్టగోడ మీద పానా పెట్టి, అది జారి వెనక సందులో పడితే, తెచ్చుకోవడానికి వెళ్ళి పాచి మీద జారి కూలబడ్డాను. బావ పైనుంచి తొంగిచూసి ఎంత నవ్వాడంటే, ఆయన కూడా కింద పడతాడేమోనని నాకు ఆశ కలిగింది. ఇది పోయిన ఏడు వానలు వెనకబడుతున్నప్పటి మాట.

ఈ ఏడు మాత్రం నవ్వులేం లేవు. ఆరు వారాల్లో మూడు పిడుగుల వానలు పడ్డాయి. మూడుసార్లూ ఆ డాబా మీది యాంటెన్నా కాలిపోయింది. ఊళ్ళో మిగతా డాబాల మీద ఒక్కటీ పోలేదు.

మూడోసారి పోయిన రోజు పొద్దున్నే సారు మమ్మల్ని పిలిచాడు. ఆయన గొంతు పెంచడు. అందుకే నాకాయనంటే భయం.

"అక్కడ ఎర్త్ కట్టింది ఎవరు?" అని అడిగాడు.

"నేనే సార్," అన్నాడు బావ.

"సరిగ్గా కట్టావా?"

పదేళ్ళ కింద చేసిన పని. ఆ ప్రశ్నకి బావ ఇంకెప్పుడైనా అయితే నవ్వేసేవాడు. ఆ రోజు మాత్రం తన చేతుల వైపు చూసుకుని, "సరిగ్గానే కట్టాననుకున్నాను సార్," అన్నాడు.

"ఇంకోసారి కాలిందంటే నువ్విక పైకి ఎక్కొద్దు. స్టోర్ గదిలో కూర్చుని స్క్రూలు ఏరు. డాబాలకి వేరే మనిషిని చూసుకుంటాను. వయసైపోతే తప్పేం లేదు, ఒప్పుకోకపోతేనే తప్పు."

నేను నోరు తెరిచాను. బావ నా మోచెయ్యి పట్టుకుని గిల్లాడు. "అలాగే సార్," అన్నాడు. ఆ అలాగే వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. కోపం సారు మీద కాదు. అంత తేలిగ్గా ఒప్పేసుకున్న మనిషి మీద.

ఆయన అలా అయిపోవడంలో నా వాటా కూడా ఉంది, అది దాచను. రెండోసారి కాలినప్పుడు, "నీకు చూపు ఆనట్లేదు బావా, కళ్ళజోడు పెట్టుకో, నట్టేదో బోల్టేదో తెలుస్తుంది," అన్నాను. నవ్వుతూనే అన్నాను. మరదలు బావని ఆమాత్రం అనకపోతే ఇంకెవరంటారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి ఏ నట్టు బిగించినా నా వైపు తిరిగి, "చూడవే, బిగిసిందా?" అని అడగడం మొదలుపెట్టాడు. మొదట్లో వేళాకోళం అనుకున్నాను. వారం తిరిగేసరికి అర్థమైంది, ఆయనకి నిజంగానే తెలియడం లేదని. తెలియడం లేదని కూడా కాదు. తన చేతిని తను నమ్మడం మానేశాడు.

మేమిద్దరం స్కూటర్ మీద ఆ ఇంటికి బయల్దేరాం. మూడంతస్తుల ఇల్లు. పై అంతస్తులో ఉండేది రిటైరైన డ్రాయింగ్ టీచరు. ఇల్లు ఆవిడదే. ఆవిడకి ఖాళీ గోడ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. రెండో అంతస్తు మలుపులో మెట్ల మీద ఒక పిల్లి కూర్చుని ఉంటుంది. మొదటిసారి వచ్చినప్పుడు నేను దాన్ని రెండుసార్లు అదిలించాను. అది గోడ మీద బొమ్మ. పైన కిటికీ ఉందని బావ ఒకసారి దాని రెక్క తెరవబోయాడు. అదీ బొమ్మే.

"మళ్ళీ పోయిందా అమ్మాయ్?" అంది టీచరు, మెట్ల మీద ఎదురై.

"పోయింది టీచరుగారూ. మీ డాబా మీద పిడుగుకి ప్రేమ ఎక్కువైంది."

"పాపం, మీకెన్ని తిప్పలు," అంటూ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

డాబా మీద అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మధ్యలో నిలువుగా ఇనప గొట్టం, దాని కొసన యాంటెన్నా, పక్కన ఎక్కడానికి నిచ్చెన. యాంటెన్నా నుంచి దిగే కేబుల్ మధ్యలో, ఆ గొట్టానికే బిగించి, అరచేతి అంత డబ్బా ఒకటి ఉంటుంది. మేం దాన్ని కాపలా డబ్బా అంటాం. పిడుగు ఎక్కడో దగ్గర్లో పడితే ఆ ఊపు కేబుల్‌లోకి వస్తుంది. అప్పుడు ఈ డబ్బా ఆ ఊపుని యాంటెన్నా వైపు పోనీకుండా పక్కకి తిప్పి ఎర్త్ తీగలోకి తోసేస్తుంది. ఊపు మరీ ఎక్కువైతే తను కాలిపోయి యాంటెన్నాని బతికిస్తుంది. అక్కడి నుంచి ఎర్త్ తీగ డాబా మీది నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళుతుంది. ట్యాంకు పక్కనుంచి పాతకాలపు ఇనప పైపు గోడ వెంబడి కిందికి దిగి భూమిలోకి పోతుంది. బావ పదేళ్ళ కింద ఎర్త్ తీగని ఆ పైపుకే కట్టాడు. వీధి పొడుగునా మట్టిలో పాతుకుపోయిన ఇనుము అది. అంతకన్నా మంచి ఎర్త్ ఎవరికీ దొరకదు.

నేను కాలిన యాంటెన్నా దింపి వెనక మూత తీశాను. కేబుల్ దూర్చే చోట నల్లగా మాడి, ప్లాస్టిక్ కరిగి వాసన కొడుతోంది. తర్వాత కాపలా డబ్బా తెరిచాను. లోపల తళతళలాడుతోంది. మసి లేదు, మచ్చ లేదు.

"బావా, ఇది చూడు."

"ఏంటి?"

"కాలాల్సింది కాలలేదు. కాలకూడనిది కాలింది. మూడుసార్లూ ఇంతేనా?"

బావ డబ్బా చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. "పోయినసారి నేను దీన్ని తెరవలేదు. మూత మీది లైటు వెలుగుతోంది కదా, బాగానే ఉందనుకున్నాను." డబ్బా నా చేతికిచ్చి, "అంటే నేను కట్టిన తీగే వదులై ఉంటుంది," అన్నాడు.

నాకు అప్పటికి కోపం సగం పోయింది. దాని చోట్లో ఇంకోటి వచ్చి కూర్చుంది, సంగతేంటో తేలితే గానీ ఆగని దురద. చిన్నప్పుడు గడియారం విప్పి అమ్మ చేత తన్నులు తిన్నప్పుడు కూడా నాకిదే ఉండేది. పిడుగు ఊపు ఆ డబ్బా దాకా వచ్చింది. పక్కకి తిరగలేదు. ఎందుకు తిరగలేదు? తిరగడానికి దారి లేకపోతే తప్ప తిరక్కుండా ఎందుకుంటుంది?

మీటరు తీశాను. దానికి రెండు తీగలుంటాయి. రెండింటి మధ్య ఇనుమో రాగో తెగకుండా ఉంటే కుయ్యిమంటుంది. ఒక కొస కాపలా డబ్బాకి, ఇంకో కొస ఎర్త్ తీగకి పెట్టాను. కుయ్యిమంది. ఎర్త్ తీగకి, పైపుకి పెట్టాను. కుయ్యిమంది. బావ బిగించిన క్లాంపు పదేళ్ళ వానకీ ఎండకీ ఒక్క చుట్టు కూడా వదలలేదు. పానా వేసి తిప్పబోతే నా మణికట్టు నొప్పెట్టింది కానీ అది కదల్లేదు.

"ఇదిగో, నీ కట్టు ఉడుంపట్టులా ఉంది. ఇక ఏడవకు," అన్నాను.

"మరెందుకు కాలుతోందే?"

"అదే కదా నేనడిగేది. పదేళ్ళు కాలనిది ఈ ఏడే ఎందుకు కాలుతోంది?"

బావ తల గోక్కున్నాడు. నేను డాబా మీద అటూ ఇటూ తిరిగాను. పైనున్నవన్నీ పదేళ్ళ నుంచీ ఉన్నవే. గొట్టం అదే, తీగ అదే, క్లాంపు అదే. పైన ఏదీ మారలేదు. పిట్టగోడ మీదినుంచి తొంగిచూశాను. ఆకుపచ్చ రంగు పైపు, అక్కడక్కడా తుప్పు చారలతో, గోడ వెంబడి సందులోకి దిగి పోయింది. అప్పుడు తట్టింది నాకు. మేం డాబాల మనుషులం. మెట్లెక్కి పైకొస్తాం, పైన చూస్తాం, పైన కొలుస్తాం, దిగి వెళ్ళిపోతాం. మీటరు ఎప్పుడూ పిట్టగోడ దాటదు. ఊళ్ళో నూట పాతిక డాబాల మీద పని చేశాం. ఒక్క ఇంటి వెనక్కైనా వెళ్ళి పైపు నేలలోకి ఎలా దిగిందో చూసిన పాపాన పోలేదు.

"బావా, నువ్వు కిందికి వెళ్ళు. వెనక సందులోకి."

"అక్కడేముంది? పాచి."

"పాచి నాకు తెలుసులే. చాకు తీసుకెళ్ళు."

మీటరు ఒక కొసని డాబా మీది గొట్టానికి తగిలించాను. రెండో కొసకి తీగ చుట్ట కట్టి, చుట్టని పిట్టగోడ మీదుగా కిందికి వదిలాను. బావ కింద తీగ కొస అందుకున్నాడు. పైనుంచి చూస్తే ఆయన బట్టతల, దాని చుట్టూ నెరిసిన జుట్టు మాత్రమే కనిపిస్తున్నాయి.

"పైపు మీద రంగు కాస్త గీకి, ఇనుము కనిపించాక తీగ ఆనించు. ముందు నీ తల ఎత్తులో."

గీకిన చప్పుడు. మీటరు కుయ్యిమంది.

"మోగింది. ఇప్పుడు కింద, నేలకి దగ్గర్లో గీకు."

బావ వంగాడు. మోకాళ్ళు పట్టేసి అబ్బా అనుకోవడం పైదాకా వినిపించింది. గీకాడు. నేను మీటరుకేసి చూశాను. ఉలుకూ పలుకూ లేదు.

"పెట్టావా?"

"పెట్టానే. ఇనుము మెరుస్తోంది. మోగిందా?"

"లేదు. గట్టిగా ఆనించు."

"ఆనించాను. ఇంకెంత ఆనించమంటావ్, కొరకమంటావా?"

"మళ్ళీ పైన పెట్టు."

కుయ్యి.

"కింద."

ఏమీ లేదు. ఒకే పైపు. ఒకే రంగు. తల దగ్గర పెడితే మోగుతోంది, పాదాల దగ్గర పెడితే మోగడం లేదు. ఇలాంటప్పుడు నాకు లోకంలో ఇంకేదీ గుర్తుండదు, సారు కూడా గుర్తుండడు.

"మధ్యలో గీకు బావా. నడుము ఎత్తులో."

గీకుడు మొదలై ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది. ఈసారి చప్పుడు వేరుగా, మెత్తగా ఉంది. తర్వాత బావ వేలు మడిచి పైపుని తట్టాడు. పైన తడితే ఖంగుమంది. మధ్యలో తడితే డుబ్బుమంది. ఆయన తలెత్తి నాకేసి చూశాడు. చాలా రోజుల తర్వాత ఆ మొహం మొహంలా ఉంది.

"మరదలా, కిందికి రా. ఒకటి చూద్దువుగాని."

మెట్లు రెండేసి చొప్పున దిగాను. బొమ్మ పిల్లిని దాటి, వీధిలోకి వచ్చి, ఇంటి పక్కగా తిరిగి సందులోకి వెళ్ళాను. బావ పైపు ముందు గొంతుక్కూచుని ఉన్నాడు. చాకు గీకిన చోట ఆకుపచ్చ రంగు కింద బూడిద రంగు ప్లాస్టిక్ పొరలు పొరలుగా లేచి ఉంది. మోకాలి నుంచి నడుము దాకా, మూరెడు ముక్క. పైనా కిందా ఇనుము, మధ్యలో ప్లాస్టిక్. అతుకులు కూడా కనబడకుండా రంగు పూశారు. ఇనుము మీదున్న తుప్పు చారలు ప్లాస్టిక్ మీద కూడా ఆగకుండా కిందికి జారాయి. నేను వేలితో రాశాను. చార వేలికి అంటలేదు. అది తుప్పు కాదు, బొమ్మ.

నీళ్ళకేం అడ్డం లేదు, హాయిగా పైకి పోతున్నాయి. పిడుగు ఊపుకి మాత్రం ఆ మూరెడే గోడ. కిందికి పోవడానికి దారి లేక వెనక్కి తిరిగి యాంటెన్నా మీద పడుతోంది.

"నీ తప్పు లేదు బావా," అన్నాను. "నీ కట్టు బంగారం. ఎవడో దరిద్రుడు కింద పైపు కోసి పారేశాడు. వాడెవడో నాకు దొరకాలి."

అప్పుడే టీచరు టీ గ్లాసులు పట్టుకుని సందు మొదట్లోకి వచ్చింది. గీకిన పైపు చూసి ఆవిడ మొహం చిన్నబోయింది.

"అయ్యో, గీకేశారా. రెండు రోజులు కూర్చుని వేశానమ్మా దాన్ని. ఆ బూడిద రంగు ముక్క మధ్యలో కట్టు కట్టినట్టు కనబడుతుంటే ప్రాణం ఒప్పుకోలేదు. ఉత్త ఆకుపచ్చ పూస్తే కొత్తగా కళ్ళల్లో పొడుస్తోంది. అందుకని తుప్పు కూడా వేశాను."

"తుప్పు అచ్చం తుప్పులాగే ఉంది టీచరుగారూ," అన్నాడు బావ. మనస్ఫూర్తిగానే అన్నాడు.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. "అసలు ఆ ప్లాస్టిక్ ముక్క వెయ్యమని మీకే మహానుభావుడు చెప్పాడండీ?"

టీచరు నాకేసి ఆశ్చర్యంగా చూసింది. "నువ్వే కదమ్మా."

నేను ఆ పైపుకేసి చూశాను.

"పోయిన ఏడు ఇక్కడ జారి పడ్డావు, గుర్తు లేదూ? ఒళ్ళంతా తడిసి పైకొచ్చి నా మీద ఇంతెత్తున లేచావు. ఈ పైపు కారి కారి పాచి పట్టింది, ఎవరి నడుమైనా విరిగితే ఎవరిది పూచీ అన్నావు. ఆ తుప్పు ముక్క కోసి పారేసి ప్లాస్టిక్ ముక్క వేయించండి, పీడా పోతుంది అన్నావు. నిజమే కదా అనిపించింది. మర్నాడే పైపుల పనివాణ్ణి పిలిచాను."

గుర్తొచ్చింది. ప్రతి మాటా గుర్తొచ్చింది. నా గొంతులోనే వినిపించింది. ఎర్త్ తీగ కట్టి ఉన్న పైపు అది. తొమ్మిదేళ్ళుగా నేను దాన్ని పైనుంచి ఎన్నోసార్లు చూసిన మనిషిని. కోపంలో దాన్ని ప్లాస్టిక్‌తో అతికించమని నా నోటితో నేనే చెప్పాను. చెప్పి మర్చిపోయాను. ఆ మాటకి మూడు యాంటెన్నాలు మాడాయి. తర్వాత అదే నోటితో బావని కళ్ళజోడు పెట్టుకోమన్నాను. సిగ్గుతో నాకు టీ గ్లాసు పట్టుకోవడం కూడా చేతకాలేదు.

బావ ఆకాశం వైపు చూశాడు. పడమటి నుంచి మబ్బు పట్టుకొస్తోంది. "గంటన్నరలో వచ్చేస్తుంది," అని జేబులోంచి ఫోన్ తీసి సారుకి కలిపాడు.

"సార్, దొరికింది. కింద పైపులో ప్లాస్టిక్ ముక్క పడింది, ఎర్త్ దిగడం లేదు. కొత్త ఎర్త్ కడ్డీ పాతాలి. ఒక కడ్డీ, సుత్తి, మందం తీగ పంపించండి." అవతల సారు ఏదో అడిగాడు. బావ నాకేసి చూడకుండా గోడకేసి చూస్తూ చెప్పాడు, "అవును సార్. పైపు మారితే నేను చూసుకోవాల్సింది. చూసుకోలేదు. తప్పు నాదే."

నేను ఫోన్ లాక్కున్నాను.

"సార్, ఆయన మాట వినకండి. పైపు మార్పించింది నేను. ఇంటావిడ మీద అరిచి మరీ మార్పించాను, ఆపైన మర్చిపోయాను. ఆయన కట్టింది పదేళ్ళయినా ఇప్పటికీ పానాకి లొంగడం లేదు. మీరు స్టోర్‌లో ఎవరినైనా కూర్చోబెట్టాలంటే నన్ను కూర్చోబెట్టండి."

"నువ్వా?" అన్నాడు సారు.

"నేనే సార్."

"నువ్వు స్టోర్‌లో కూర్చుంటే నీ పక్కన ఎవరు కూర్చుంటారు?" అని, "స్టోర్ సంగతి తర్వాత. కడ్డీ నేనే తెస్తున్నా," అని పెట్టేశాడు.

బావ ఫోన్ తీసుకుని చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నాడు. "ఏం అవసరమే అంతా చెప్పడం," అన్నాడు.

"నీకేం అవసరం నా తప్పు నెత్తిన వేసుకోవడం?"

"నువ్వు పడ్డప్పుడు నేను పైనుంచి చూస్తూనే ఉన్నాగా. నువ్వు అరిచింది కూడా విన్నాను. నాకూ తట్టలేదు." ఆయన నవ్వాడు. "అప్పుడు నవ్వుతున్నానులే."

సారు స్కూటర్ మీద కడ్డీని అడ్డంగా పెట్టుకుని, దారిలో అందరి చేతా తిట్లు తింటూ వచ్చాడు. రాగి పూత పూసిన ఆ కడ్డీ మనిషి కన్నా పొడుగ్గా ఉంది. సందులో మట్టి తడిగా ఉండడం కలిసొచ్చింది. సారు కడ్డీ నిలబెట్టి పట్టుకున్నాడు, బావ స్టూలెక్కి సుత్తితో కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ సారు కళ్ళు మూసుకున్నాడు. నేను డాబా మీదినుంచి మందం తీగని వంకర లేకుండా గోడ వెంబడి దింపాను. తీగ కొసని కడ్డీకి బిగించాక, బావ అలవాటుగా నాకేసి తిరిగి, "చూడవే, బిగిసిందా?" అన్నాడు.

"బిగిసింది," అన్నాను. పైపు సంగతి తేలినా ఆయన చేతుల సంగతి ఇంకా తేలలేదు.

పైన మీటరు పెట్టి చూశాను. గొట్టం నుంచి కడ్డీ దాకా కుయ్యిమంది. సంచీలోని కొత్త యాంటెన్నా ఎక్కించాం. నలభై ఇళ్ళూ తిరిగి వచ్చాయి. ఫోన్‌లో ఆ డాబాకి గుర్తుగా ఉండే చుక్క పచ్చగా వెలిగింది. తొలి చినుకు పడేసరికి ముగ్గురం మెట్ల మీదికి చేరాం.

ఉరుము ముందు దూరంగా మొదలై దగ్గరికొచ్చింది. బావ బొమ్మ పిల్లి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. సారు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను ఫోన్‌లో పచ్చ చుక్కని చూస్తూ ఉన్నాను. పావుగంట గడిచింది. అప్పుడు ఇల్లంతా తెల్లబడింది, ఆ వెంటనే చెవులు దిమ్మెక్కేలా పిడుగు పడింది. టీచరు లోపల్నుంచి ఏదో అంది కానీ ఎవరికీ వినబడలేదు.

చుక్క ఎర్రబడింది.

బావ నా ఫోన్ వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. సారు నోరు తెరవబోయి నా మొహం చూసి ఆగాడు. వాన తగ్గి, ఉరుము ఊరి అవతలికి పోయేదాకా అలాగే ఉన్నాం. అది అరగంట. నా బతుకులో అంత పొడుగు అరగంట ఇంకోటి లేదు.

పైకి వెళ్ళేటప్పుడు బావ నా వెనక నడిచాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆయనే ముందుండేవాడు. నేను వెళ్ళీ వెళ్ళగానే కాపలా డబ్బా మూత తీశాను. గుప్పున మాడు వాసన కొట్టింది. లోపల బొగ్గు. వేలు పెడితే పొడిపొడిగా రాలింది.

"బావా, డబ్బా కాలింది," అన్నాను.

ఆ మాట ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత గబగబా వచ్చి నా చేతిలోంచి డబ్బా లాక్కున్నాడు.

"మరి యాంటెన్నా?"

కాలిన డబ్బాని తప్పించి కేబుల్‌ని తిన్నగా యాంటెన్నాకి తగిలించాను. ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెట్టుకున్నాను. పదకొండు దగ్గర యాంటెన్నా వెనక లైటు వెలిగింది. ఇరవై దగ్గర ఫోన్‌లో చుక్క పచ్చబడింది. కాలాల్సింది కాలింది, కాలకూడనిది బతికింది.

సారు పిట్టగోడ దగ్గర నిలబడి కాలిన డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు. మసి అంటిన వేళ్ళని చూసుకున్నాడు. "రేపటి నుంచి ముందు ఇంటి వెనక్కి వెళ్ళి, ఆ తర్వాతే పైకెక్కండి. ఇద్దరూ," అన్నాడు. ఆ 'ఇద్దరూ' విని బావ ముక్కు ఎగబీల్చాడు. వానకి జలుబు చేసిందనుకోమన్నట్టు మొహం పెట్టాడు.

సారు స్కూటర్ డిక్కీలో కొత్త కాపలా డబ్బా ఉంటే తెచ్చాం. బావ నిచ్చెనెక్కాడు. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. ఆయన డబ్బాని గొట్టానికి ఆనించి, ఎర్త్ తీగ కొస దూర్చి, పానా వేసి తిప్పాడు. ఒక చుట్టు, రెండు, మూడోది సగం. ఆగాడు. నేను 'బిగిసింది' అన్న మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాను.

ఆయన బొటనవేలితో నట్టుని ఒకసారి నొక్కి చూసుకున్నాడు. పానా జేబులో వేసుకుని నిచ్చెన దిగాడు.

"పద," అన్నాడు. "ఇంకా ఆరు డాబాలు చూడాలి."